మణికి బస్సు దొరకని రోజు

కూర్చోండి. ఎండ తగ్గింది, వేపచెట్టు కింద గాలి కూడా ఆడుతోంది. ఇవాళ మీతో కుక్కల గురించి మాట్లాడాలని ఉంది. వీధికుక్కల గొడవ కాదు, దాని మీద దేశమంతా మాట్లాడుతూనే ఉంది. ఇంట్లో పెట్టుకుని పెంచే కుక్క సంగతి. దాన్ని వెంటబెట్టుకుని అంగట్లోకి పోవచ్చా, బస్సెక్కించవచ్చా, నలుగురూ తిరిగే చోట తిప్పవచ్చా అని. పదేళ్ల కింద మా ఏర్పేడులో ఎవరైనా ఈ మాట అడిగి ఉంటే నవ్వి ఊరుకునేవాళ్లు. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

ఊరు మారింది మరి. ఒకప్పుడు ఏర్పేడంటే వ్యాసాశ్రమం, రైల్వే స్టేషను, గుడిమల్లం శివుణ్ణి చూడబోయేవాళ్లు దారి అడిగే కూడలి. 1926లో మలయాళ స్వామి ఇక్కడ ఆశ్రమం పెట్టిన నాటి నుంచీ బయటి ఊళ్లవాళ్లు వస్తూనే ఉన్నారు. వాళ్లు చేతిసంచీతో వచ్చి చేతిసంచీతో వెళ్లేవాళ్లు. ఇప్పుడు ఐఐటీ, ఐసర్ రెండూ ఈ మండలంలోనే ఉన్నాయి. ఎక్కడెక్కడి కుటుంబాలో వచ్చి కాపురాలు పెట్టాయి. కొందరు పిల్లలతో పాటు కుక్కనీ తెచ్చుకున్నారు. వాళ్ల కుక్క మంచం పక్కన పడుకుంటుంది. మా వైపు కుక్క గడప అవతలి జీవి. మిగిలిన సంగటి ముద్ద తింటుంది, రాత్రి తోట కాస్తుంది, పగలు వీధిలో తిరుగుతుంది. దాన్ని తోడుగా అంగడికి తీసుకుపోవడం ఎవరికీ తట్టని పని. అది ఎటూ మన వెనకే వచ్చి బయట కూర్చుంటుంది కదా. ఈ రెండు అలవాట్లూ ఇప్పుడు ఒకే అంగడి ముందు ఎదురుపడుతున్నాయి.

పోయిన ఎండాకాలం, వెంకటగిరి రోడ్డు చీలే కూడలి దగ్గర ఒక అవ్వ టీ అంగట్లో కూర్చుని ఉన్నాను. ఒక కుర్ర జంట వచ్చారు. వెంట గోధుమరంగు లాబ్రడార్, మెడకు పట్టీ, అబ్బాయి చేతిలో తాడు. కుక్క నాలుక చాపి ఎగరోజుతోంది. బెంచీ చివర ఆరేడేళ్ల పాప వాళ్లమ్మ పక్కన బన్ను తింటోంది. కుక్క కనబడగానే పాప బన్ను వదిలేసి బెంచీ మీదకెక్కింది, అక్కణ్ణుంచి వాళ్లమ్మ భుజం మీదకెక్కింది. కేక లేదు, ఏడుపు లేదు. నోరు తెరుచుకుని ఉంది గానీ లోపలి నుంచి శబ్దం రావడం లేదు.

"ఏం చేయదు పాపా, చాలా మంచిది" అన్నాడు అబ్బాయి. కుక్కను పెంచే ప్రతి ఒక్కరూ అనే మాటే. నేనూ ఎన్నిసార్లన్నానో. ఆ తల్లి వాదించలేదు. పాప గౌను అంచు కొంచెం పైకెత్తి పిక్క చూపించింది. పళ్ల గాట్లు, మానిపోయి తెల్లబడ్డాయి. "వీధి కుక్క. నాలుగు సూదులు వేయించినాము" అంది.

అబ్బాయి తాడును గబగబా చేతికి చుట్టుకున్నాడు. అవ్వ పాలు దించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "నాయనా, నాకు కుక్కంటే భయం ల్యా. నా మంచం కిందనే రెండు పండుకుంటాయి. ఆ బిడ్డకు భయముండాది గదా. ఆ చెట్టుకాడ గుంజుండాది, దాన్ని కట్టెయ్. నీళ్లు నేను పెడతా" అంది. ఎప్పుడో గేదెను కట్టేసిన గుంజ అది. పగిలిన కుండ పెంకులో నీళ్లు పోసి దాని ముందు పెట్టింది. కుక్క గడగడా తాగేసి, నీడలో నాలుగు కాళ్లూ చాపి పడుకుంది. పాప అమ్మ ఒళ్లోనే కూర్చుని బన్ను పూర్తి చేసింది. కళ్లు మాత్రం చెట్టు మీంచి కదల్లేదు.

ఆ రోజు నుంచి ఈ ప్రశ్న ఎవరడిగినా నాకు అవ్వే గుర్తొస్తుంది. అంగడి ఆమెది, కాబట్టి లోపలికి ఎవరు రావాలో చెప్పే హక్కు ఆమెది. అయినా ఆమె తన ఇష్టాన్ని బట్టి చెప్పలేదు. అక్కడున్న వాళ్లలో అందరికంటే ఎక్కువ భయపడుతున్న మనిషిని చూసి చెప్పింది. కుక్కను తరిమేయలేదు కూడా. అంగడి విషయంలో నా మాట కూడా ఇదే. తలుపు దగ్గర యజమాని వద్దంటే వద్దు, నొచ్చుకోవడానికి ఏమీ లేదు. ఒక గుంజ, ఒక గిన్నె నీళ్లు పెడితే అదే పెద్ద మర్యాద.

జర్మనీలో చాలా చోట్ల కుక్కలు దర్జాగా దుకాణాల్లోకి, రైళ్లలోకి వెళ్తాయి. అక్కడ కుక్కకు ఊరికి పన్ను కట్టాలి, పెద్ద కుక్కైతే రైల్లో టికెట్టు కొనాలి. అలాంటి దేశంలోనూ రొట్టెల అంగడి, మాంసం అంగడి ముందు కుక్క బొమ్మతో ఒక పలక ఉంటుంది. 'మేము బయటే ఉండాలి' అని కుక్కే చెబుతున్నట్టు రాసి ఉంటుంది. పక్కనే గోడకు తాడు తగిలించే కొక్కెం. మా అవ్వ గుంజ లాంటిదే. మన దగ్గరా 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు తినుబండారాలు తయారయ్యే, అమ్మే చోట పెంపుడు జంతువుల్ని రానివ్వొద్దనే చెబుతున్నాయి.

ఇంకో సంగతి గమనించండి. మన కిరాణా అంగట్లో బియ్యం, కందిపప్పు, శనగలు మూతి విప్పిన బస్తాల్లో నేల మీద ఉంటాయి. సరిగ్గా కుక్క ముక్కు ఎత్తులో. మగ కుక్క కొత్త చోటికి పోతే ముందు చేసే పని ఏమిటో పెంచినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. సరుకంతా పొట్లాల్లో కట్టి అరల మీద పేర్చిన పెద్ద దుకాణాల సంగతి వేరు, మన అంగడి సంగతి వేరు. జర్మనీలో రానిస్తున్నారు కదా అని మనం వాదిస్తే, బస్తా పెట్టుకున్న అంగడాయన కడుపు కొట్టినట్టే.

ఇదంతా చెప్పాక కూడా, అంగడి నాకు పెద్ద విషయం కాదు. కుక్కను ఇంటి దగ్గర వదిలి పప్పు కొనుక్కురావచ్చు. నాకు మింగుడుపడనిది బండి సంగతి. బస్సు, ఆటో, రైలు. ఎందుకో చెబుతాను వినండి.

మాకు మణి అని ఒక కుక్క ఉండేది. అరవదేశం పక్కనున్న ఊళ్లవాళ్లం కదా, మా వైపు ఏ వీధిలో పిలిచినా ఒక మణి తోకాడిస్తూ వస్తుంది. మాది నాటు కుక్క, తెల్ల ఒంటి మీద నల్ల మచ్చలు. మామిడితోపులో వానకు తడుస్తూ దొరికింది. నాలుగో నెలలో ఒక రోజు పొద్దున తిండి ముట్టలేదు. మధ్యాహ్నానికి వాంతులు. సాయంత్రానికి నెత్తురు విరేచనాలు. చూసినాయన పార్వో అనే జబ్బన్నారు. సెలైన్ ఎక్కించాలి, తిరుపతి తీసుకుపోండి, ఆలస్యం చేయొద్దన్నారు. తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది, 2005లో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమూ వచ్చింది. ఇంత పెద్ద వైద్యం ఇరవై పైచిలుకు కిలోమీటర్ల దూరంలో ఉండటం మా అదృష్టం. అంత దూరం పోవడమే ఆ రోజు మా వల్ల కాలేదు.

మణిని పాత పంచెలో చుట్టి ఎత్తుకుని రోడ్డు మీదకొచ్చాను. బస్సొచ్చింది, ఎక్కాను. కండక్టరు చూసి, కుక్కను ఎక్కించుకోకూడదు దిగండి అన్నాడు. నేను బతిమాలాను. ముందు సీట్లోని ఒకామె "బిడ్డ మాదిరి ఎత్తుకోనుండాడు, రానీన్నా" అంది. వెనక నుంచి ఒకాయన "వాంతి చేసుకుంటే ఎవరు కడగాల" అన్నాడు. ఆయన మాటలోనూ తప్పు లేదు. నెత్తురు వాసన నా పంచెకే కొడుతోంది. దిగిపోయాను. మూడు షేర్ ఆటోలు ఆగాయి, చూశాయి, పోయాయి. కోళ్లను బుట్టలో పెట్టుకుని ఎక్కేవాళ్లను నేను రోజూ చూస్తాను. కుక్క అనేసరికి అందరి చేతులూ ఒకేలా అడ్డంగా ఊగాయి. పార్వో మనుషులకు అంటదని ఇప్పుడు తెలుసు. ఆ రోజు ఆ రోడ్డు మీద అది తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు, నాతో సహా.

చివరికి కూరగాయలు దించేసి ఖాళీగా పోతున్న ఒక మినీలారీ ఆగింది. వెనక పట్టా మీద కూర్చున్నాను. రేణిగుంట దాటేవరకు మణి కళ్లు తెరవలేదు. రెండు వేళ్లు దాని పక్కటెముకల మీద పెట్టుకుని, ఊపిరి ఆడుతోందా లేదా అని చూసుకుంటూ పోయాను. పక్కటెముకలు లేస్తున్నాయి, పడుతున్నాయి. అది తప్ప ఆ దారిలో నాకేమీ గుర్తులేదు. అయిదు రోజులు సెలైన్ పెట్టారు. బతికింది. ఆ తర్వాత పదకొండేళ్లు మా ఇంట్లో తిరిగింది. ఆ మినీలారీ ఆగకపోయి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

మన ఇతిహాసంలో కుక్కకు చోటివ్వడం గురించి ఎంత సూటిగా ఉందో ఎప్పుడైనా గమనించారా? వ్యాసుడి పేరు పెట్టుకున్న ఆశ్రమం ఉన్న ఊరు మాది, అందుకే ఈ మాట నాకు తరచూ తగులుతుంది. భారతం మొదట్లోనే కుక్క వస్తుంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి ఒక కుక్కపిల్ల ఆడుకుంటూ పోతుంది. హవిస్సు ముట్టలేదు, దేనికీ నోరు పెట్టలేదు. రాజు తమ్ముళ్లు ఊరికే కొట్టి తరుముతారు. అది ఏడుస్తూ పోయి తల్లి సరమతో చెప్పుకుంటుంది. సరమ నేరుగా రాజు దగ్గరికే వచ్చి, నా బిడ్డ ఏ తప్పు చేసిందని కొట్టారని నిలదీస్తుంది. అక్కడ ఎవరి దగ్గరా జవాబు లేదు. అనుకోని భయం మీకు ఎదురవుతుందని చెప్పి వెళ్లిపోతుంది. పదకొండో శతాబ్దంలో నన్నయ తెలుగు భారతం చెప్పడం మొదలుపెట్టినప్పుడు, తొలి కథల్లోనే ఈ కుక్కపిల్ల ఉంది. నలుగురూ తిరిగే చోటికి కుక్క రావచ్చా అనే మన ప్రశ్నకు అంత పాత రూపం అది.

ఇక చివర. తమ్ముళ్లందరూ, ద్రౌపదీ దారిలో పడిపోయాక ధర్మరాజు వెంట మిగిలింది ఒక కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమంటాడు. కుక్కకు మాత్రం చోటు లేదంటాడు. చూశారా, అక్కడ అడ్డు పడింది బండి దగ్గరే. నన్ను నమ్మి ఇంత దూరం వచ్చినదాన్ని వదిలి నేనెక్కను అంటాడు ధర్మరాజు. ఆ భాగం తెనిగించినవాడు తిక్కన. చిన్నప్పుడు ఈ కథ విని కుక్క నిజంగా ధర్మదేవతట అని సంబరపడ్డాను. మణిని ఎత్తుకుని బస్సు దిగిన రోజు నుంచి ఆ చివరి మలుపు మీదకు నా మనసు పోవడం లేదు. అది ఉత్త కుక్కే అనుకుని ధర్మరాజు ఆ మాట అన్నాడు. నాకు అది చాలు.

కుక్కకు మన మీద ఉండే మమకారం అలాంటిది. 2019లో తిరుమల నుంచి కాలినడకన శబరిమలకు బయల్దేరిన అయ్యప్ప స్వాముల వెంట ఒక ఊరకుక్క నడిచింది. అక్టోబరు 31న మొదలైన నడక, నవంబరు నడిమికి కర్ణాటకలోని చిక్కమగళూరు జిల్లా చేరింది. అప్పటికి దాదాపు 480 కిలోమీటర్లు. మొదట్లో వాళ్లు దాన్ని గమనించనే లేదట. తర్వాత తాము వండుకున్నదే దానికీ పెట్టారట. ఎవరూ పిలవలేదు, ఎవరూ తాడు కట్టలేదు.

మళ్లీ బండి దగ్గరికొద్దాం. రైలు సంగతి కొంచెం నయం, నియమమంటూ ఒకటి ఉంది కాబట్టి. ఫస్ట్ ఏసీలో ఒక క్యాబిన్ మొత్తం మనమే తీసుకుంటే కుక్కను తోడుంచుకోవచ్చు. లేదంటే గార్డు పెట్టెలో కుక్కల కోసం ఉన్న గూట్లో వేసి, పార్సిల్ ఆఫీసులో డబ్బు కట్టి, టీకా వేసినట్టు పశువైద్యుడి కాగితం చూపించాలి. స్లీపర్లో, మామూలు పెట్టెల్లో కుదరదు. ఇప్పుడు ఏర్పేడు స్టేషనులో నిలబడి ఆలోచించండి. ఇక్కడ ఆగే పాసింజరు బండిలో ఫస్ట్ ఏసీ ఎక్కడిది? డబ్బున్నవాళ్ల కుక్క రాత్రంతా చల్లగా ప్రయాణం చేస్తుంది. జబ్బు చేసిన నాటు కుక్కకు ఇరవై కిలోమీటర్ల దారి లేదు. నన్నడిగితే పల్లె బస్సుల్లో వెనక సీటు పక్కన, రోజులో ఒక్క ట్రిప్పులోనైనా, మూతికి చిక్కం కట్టిన కుక్కకు చోటివ్వాలి. టికెట్టు పెట్టండి, అర టికెట్టు కాదు నిండు టికెట్టే పెట్టండి, కడతాం.

చిక్కం అన్నాను కదా, కళ్లంలో ఎద్దు మూతికి కట్టేదే. కుక్కకు కట్టడం పాపమని చాలామంది అనుకుంటారు. వదులుగా, నోరు తెరిచి ఎగరోజడానికి వీలుగా ఉన్నది కడితే దానికి బాధ లేదు. చిన్నప్పటి నుంచి రోజూ అయిదు నిమిషాలు అలవాటు చేస్తే తల తనే పెడుతుంది. ఆ చిక్కం కుక్క కోసం కాదు, బెంచీ ఎక్కిన ఆ పాప కోసం.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు ఒక మాట. పెంపుడు కుక్కలు వద్దని సంఘం వాళ్లు తీర్మానం చేసినా చెల్లదని, లిఫ్టు ఎక్కనివ్వక తప్పదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే చెప్పింది. అదే కాగితంలో, మీ కుక్క చేసిన మురికి మీరే తీయండని పెంచేవాళ్లకు హితవు కూడా ఉంది. మొదటి సగం పట్టుకుని పోట్లాడేవాళ్లు రెండో సగం దగ్గర కళ్లు మూసుకుంటే నాకు కోపం వస్తుంది. పొద్దున్నే తాడు పట్టుకుని పక్కింటి ముగ్గు మీద కూర్చోబెట్టి, ఫోను చూసుకుంటూ నిలబడేవాళ్లను చూశాను. కుక్కలంటే జనానికి విసుగు పుట్టించేది వీళ్లే. జేబులో ఒక కాగితం, ఒక సంచి పెట్టుకోవడానికి ఎంత బరువు? అజాగ్రత్త వల్ల కుక్క ఎవరి ప్రాణానికైనా, ఒంటికైనా ముప్పు తెస్తే కొత్త న్యాయ సంహిత 291వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు లేదా అయిదు వేల దాకా జరిమానా, రెండూ పడినా పడతాయి.

వీధికుక్కల గురించి 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు చెప్పింది వేరే సంగతి. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి వీధికుక్కల్ని తీసేసి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసి, టీకాలు వేసి షెల్టర్లలో ఉంచాలని, మళ్లీ అక్కడే వదలొద్దని. తాడు పట్టుకున్న పెంపుడు కుక్కకు ఆ ఉత్తర్వుతో పని లేదు. అయినా ఆ రోజు నుంచి బస్టాండులో ఏ కుక్కను చూసినా జనం చూపు మారింది. మెడపట్టీ ఉందా లేదా అని ఎవరు చూస్తారు? దీనికి పట్నాల్లో ఒక దారి కనబడుతోంది. హైదరాబాదులో 2018లో కొండాపూర్ దగ్గర ఎకరన్నరకు తక్కువ జాగాలో కుక్కల కోసమే పార్కు కట్టారు. ఊరికొకటి కట్టాలని అననుగానీ, పట్నంలో అలాంటి చోటుంటే మిగతా పార్కుల్లో పిలకాయలు నిర్భయంగా ఆడుకుంటారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఒకటి చెబుతుంటారు. చూపులేనివాళ్లకు, ఇంకా రకరకాల వైకల్యం ఉన్నవాళ్లకు తోడుండే శిక్షణ పొందిన కుక్కను అక్కడ ఏ అంగడీ ఆపకూడదు, చట్టం ఒప్పుకోదు. అంగడివాళ్లు అడగదగినవి రెండే మాటలు. ఈ కుక్క మీ వైకల్యం వల్ల అవసరమైందా, ఇది ఏ పని చేయడానికి శిక్షణ పొందింది అని. అంతకుమించి కాగితాలు అడగకూడదు. అలాంటి కుక్క మన అంగడి ముందుకొస్తే అప్పుడు గుంజ దగ్గర కట్టేయమనే మాటే ఉండకూడదు. ఆ కుక్క ఆ మనిషి కళ్లు.

రేబీస్ గురించి చెప్పకుండా ఈ కబుర్లు ముగిస్తే తప్పు చేసినవాణ్ణవుతాను. లక్షణాలు బయటపడ్డాక ఆ జబ్బు నుంచి బతకడం దాదాపు లేదు. ముందే ఆపడం మాత్రం మన చేతిలో ఉంది. కుక్క కరిస్తే వెంటనే సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు గాయం కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. చర్మంలోకి వేసే సూదైతే మొదటి రోజు వేశాక మళ్లీ మూడు, ఏడు, ఇరవై ఎనిమిదో రోజున. ఆ పాప వేయించుకున్న నాలుగు సూదులు అవే. కుక్కపిల్లకు మూడో నెలలో తొలి టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు ఏటేటా. టీకా కాగితం లేని కుక్కను అంగడి దగ్గరికి కాదు, వీధిలోకే తీసుకుపోకూడదంటాను.

మణి పోయి రెండేళ్లయింది. ఈ మధ్య మళ్లీ ఒక పిల్లను తెచ్చుకున్నాం. వచ్చే గురువారం దానికి టీకా, తిరుపతి పోవాలి. నిన్న సాయంత్రం కూడలిలో ఒక ఆటో అబ్బాయిని అడిగాను. కాసేపు హ్యాండిల్ మీద చెయ్యేసి ఆలోచించాడు. "చిక్కం కట్టుకోన్నా. కింద పాత దుప్పటి పరుచుకో. మధ్యలో పిలకాయలెవరన్నా ఎక్కితే వాళ్లను ముందు కూర్చోబెడతా, నువ్వు ఎనకుండు" అన్నాడు. ఛార్జీ ఎంతని అడిగాను. మనిషికిచ్చేదే అన్నాడు.